సీసాలు కడిగిన చేతులకే నోబెల్

వెల్లింగ్టన్‌లో పనిచేస్తున్న మాకు అలన్ మెక్‌డయర్మిడ్ అనే పేరు మొదట ఒక బిల్డింగ్ పేరుగానే తెలుసు. సిటీకి పైన కెల్‌బర్న్ గుట్ట మీద విక్టోరియా యూనివర్సిటీ ఉంది. అందులో ఒక భవనానికి ఆ పేరు పెట్టారు. కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నవాళ్లెవరైనా ఆగి చూసే కట్టడం అది. ప్రీకాస్ట్ దూలాలు, గోడలు తెచ్చి నిలబెట్టి, వాటి లోపలి గొట్టాల్లోంచి ఉక్కు తీగలు పోనిచ్చి, జాకీతో లాగి బిగించారు. భూకంపం వస్తే జాయింట్లు కొంచెం తెరుచుకుంటాయి. ఊపు ఆగాక ఆ తీగల బిగువుకే మళ్లీ మూసుకుంటాయి. దెబ్బ తినడానికని విడిగా కొన్ని ఉక్కు ముక్కలు పెట్టారు. పాడైతే అవి మార్చుకుంటే సరిపోతుంది. ఈ పద్ధతిలో న్యూజిలాండ్‌లో లేచిన మొదటి బహుళ అంతస్తుల భవనం ఇదే.

బిల్డింగ్ సంగతి మాకు అర్థమైంది గానీ, ఆ పేరుగల మనిషి ఎవరో తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. అది కూడా ఒక పెయింటు డబ్బా పుణ్యమే.

మేం నలుగురం లోయర్ హట్‌లో ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇద్దరం సైట్ సూపర్‌వైజర్లం, ఒకరు రాడ్ బెండింగ్, నాలుగోవాడు చిన్న కుర్రాడు. పగలు కాలేజీ, రాత్రి ఆఫీసులు తుడిచే పని. అందరివీ పాలిటెక్నిక్ చదువులే. మన దగ్గర మూడేళ్లు కష్టపడి తెచ్చుకున్న డిప్లొమాకి ఇక్కడికొచ్చాక ఒక మెట్టు తక్కువ విలువ కట్టారు. ఒకరోజు సైట్‌కి ఉక్కుకి కొట్టే కోటింగ్ డబ్బాలు వచ్చాయి. వాటి మీద నానో కాంపోజిట్ అని పెద్దక్షరాలతో రాసి ఉంది. స్మోకోలో, అంటే మన టీ బ్రేకులో, అదేంటని కూలీలు అడిగితే మా దగ్గర జవాబు లేదు. సూపర్‌వైజర్లమై ఉండి తెలియదని చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి కుర్రాడు వెతికిపెడితే, దారి తిరిగి తిరిగి కెల్‌బర్న్ గుట్ట మీది మనిషి దగ్గరికే వచ్చింది. పైగా ఆయన పెరిగింది మేముండే లోయర్ హట్‌లోనే.

పనిలేని ఇంట్లో బాల్యం

అలన్ మెక్‌డయర్మిడ్ 1927 ఏప్రిల్ 14న మాస్టర్టన్‌లో పుట్టారు. వెల్లింగ్టన్‌కి కొండ అవతల ఉన్న చిన్న పట్నం అది. అయిదుగురు పిల్లల ఇల్లు. తండ్రి ఇంజనీరు. అయితే ఏం లాభం? 1930ల్లో ప్రపంచమంతా పనులు ఆగిపోయిన రోజుల్లో ఆయన నాలుగేళ్లు ఉద్యోగం లేకుండా గడిపారు. రాజధానికి దగ్గరగా ఉంటే ఏదైనా పని దొరుకుతుందని కుటుంబం లోయర్ హట్‌కి మారింది. చదువుకున్నవాడు పని కోసం ఊరు మారడం మనకొక్కరికే వచ్చిన తిప్పలు కాదన్నమాట.

ఇంట్లో లేమి ఉన్నా, వచ్చినవాళ్లకి భోజనం పెట్టకుండా పంపేవాళ్లు కాదట. అతిథులు కూర్చున్నప్పుడు పిల్లలు తక్కువ తినాలని ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన గుర్తు ఒకటి ఉండేది. చుట్టాలొచ్చిన రోజు మా అమ్మలు కూడా వంటింటి గుమ్మంలో నిలబడి కంటితో చేసిన సైగ అదే. ఇది చదివినప్పుడు మాలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

బడి అయ్యాక సైకిల్ మీద ఇళ్లకి పేపర్లు వేసేవాడు. పదేళ్ల వయసులో తండ్రి చదివిన పాత కెమిస్ట్రీ పుస్తకం ఒకటి చేతికి చిక్కింది. అందులో ఏమీ అర్థం కాలేదు. లోయర్ హట్ లైబ్రరీలో పిల్లల కెమిస్ట్రీ పుస్తకం దొరికితే తెచ్చుకుని, గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ ఏడాది దాకా దగ్గరే పెట్టుకున్నాడు. అందులోని ప్రయోగాలు దాదాపు అన్నీ ఇంట్లో చేసి చూశాడు.

తండ్రి రిటైరయ్యాక వచ్చే చిన్న పింఛనుతో ఇల్లు గడవడమే గండం. పదహారేళ్లు దాటగానే అలన్ పూర్తికాలం చదువు మానేసి, విక్టోరియా యూనివర్సిటీ కాలేజీ కెమిస్ట్రీ విభాగంలో ల్యాబ్ బాయ్‌గా చేరాడు. తక్కువ జీతం. సీసాలు కడగాలి, నేల ఊడవాలి. అప్పట్లో కాలేజీ మొత్తం మీద ఉన్న విద్యార్థులు 1200 మంది. పని చేసుకుంటూనే అక్కడే రెండు సబ్జెక్టులు కట్టాడు. ఒకటి కెమిస్ట్రీ, ఒకటి లెక్కలు. ఆ రెండే. అంతకు మించి చదవడానికి తీరిక లేదు.

మేం ఈ భాగాన్ని మా కుర్రాడికి రెండుసార్లు చదివి వినిపించాం. అతను ఆ నెలలోనే చదువు ఆపేద్దామని అనుకుంటున్నాడు. ఊళ్లో తండ్రికి ఆరోగ్యం బాగాలేదు. ఫీజు కట్టాలా, ఆస్పత్రికి పంపాలా అన్న లెక్క తెగడం లేదు.

నారింజ రంగు పలుకులు

ల్యాబ్ బాయ్ పనుల్లో ఇంకొకటి కూడా ఉండేది. క్లాసులో చూపించడానికి కావలసిన రసాయనాలు ముందుగా తయారుచేసి పెట్టాలి. బాబీ మన్రో అనే లెక్చరర్ కోసం ఒకసారి సల్ఫర్, నైట్రోజన్ కలిసిన ఒక పదార్థం చేయాల్సి వచ్చింది. మెరిసే నారింజ రంగు పలుకులు. కుర్రవాడికి ఆ రంగు తెగ నచ్చేసింది. తర్వాత డిగ్రీ పూర్తిచేసి ఎం.ఎస్సీ.కి వచ్చినప్పుడు అదే పదార్థాన్ని పరిశోధనకి ఎంచుకున్నాడు. దాని మీద ఆయన మొదటి వ్యాసం 1949లో నేచర్ పత్రికలో వచ్చింది. సీసాలు కడిగిన గదిలోంచే అది వెళ్లింది.

1950లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లారు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ అయింది. అక్కడ విదేశీ విద్యార్థుల క్లబ్బుకి అధ్యక్షుడు కూడా అయ్యారు. అక్కడే పరిచయమైన మేరియన్‌తో తర్వాత పెళ్లయింది. ఆ పైన ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో రెండో పీహెచ్‌డీ. 1955లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చేరి అక్కడే నలభై అయిదేళ్లకి పైగా పాఠాలు చెప్పారు. మొదటి ఇరవై ఏళ్లు సిలికాన్ సమ్మేళనాల మీద పని. మంచి పేరున్న ప్రొఫెసరే, కానీ ప్రపంచానికి తెలిసిన మనిషి మాత్రం కాదు.

1970ల్లో అదే యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే అలన్ హీగర్ ఆయన దగ్గరికొచ్చారు. ఎస్ఎన్ అనే పదార్థం లోహం కాకపోయినా కరెంటును మోస్తోందని చెప్పారు. మెక్‌డయర్మిడ్ దాన్ని తగరం అనుకున్నారు. కెమిస్ట్రీలో టిన్‌కి గుర్తు కూడా ఆ రెండు అక్షరాలే మరి. తగరం లోహమే కదా, కరెంటు పోతే వింతేముందని ఆయన అనుమానం. కాసేపటికి గానీ అది సల్ఫర్, నైట్రోజన్ గొలుసు అని తేలలేదు. ఇక్కడి కివీల మాట మనకు మొదట్లో అలాగే ఉంటుంది. టెన్ అంటే టిన్ అని వినిపించి, పది అడిగితే తగరం వెతుక్కునే పరిస్థితి. కివీగా పుట్టినాయనకే టిన్‌తో ఈ తిప్పలు వచ్చిందంటే మాకు కాస్త ధైర్యం వచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, బంగారంలా మెరిసే ఆ గొలుసు పదార్థాన్ని తయారుచేయాలంటే మొదలుపెట్టాల్సింది ల్యాబ్ బాయ్‌గా ఉన్నప్పుడు చేసిన ఆ నారింజ పలుకులతోనే. ఇరవై అయిదేళ్ల కిందటి పని మళ్లీ చేతికొచ్చింది.

గ్రీన్ టీ, వెయ్యి రెట్ల పొరపాటు

1975లో మెక్‌డయర్మిడ్ జపాన్ వెళ్లారు. టోక్యోలో ఒక ఉపన్యాసం అయ్యాక గ్రీన్ టీ తాగుతూ తన బంగారు రంగు నమూనా చూపించారు. పక్కనున్న హిడెకి షిరకావా తన దగ్గరున్న వెండిరంగు పొర ఒకటి చూపించారు. అది పాలీఎసిటిలీన్, అంటే ఒక రకం ప్లాస్టిక్. మామూలుగా అయితే నల్లపొడిలా వచ్చే పదార్థం. అంతకు ఎనిమిదేళ్ల ముందు షిరకావా ల్యాబులో ఎవరో కొలత తప్పి, క్యాటలిస్టును వెయ్యి రెట్లు ఎక్కువ వేశారు. పొడికి బదులు మెరిసే పొర వచ్చింది. మా సైట్‌లో అడ్‌మిక్స్చర్ రెండింతలు పడితే మొత్తం లోడు వెనక్కి పంపి, పైనుంచి రిపోర్టు రాయిస్తారు. షిరకావా మాత్రం దాన్ని పారేయలేదు.

మెక్‌డయర్మిడ్ ఆయన్ని ఒక ఏడాది ఫిలడెల్ఫియాకి రప్పించారు. 1976 నవంబర్‌లో ఆ పొరకి కొంచెం బ్రోమిన్ ఆవిరి తగిలించి చూశారు. నిమిషాల్లో దాని విద్యుత్ వాహకత కోటి రెట్లు పెరిగింది. కరెంటు తగలకుండా వైరు మీద తొడుగు వేసే ప్లాస్టిక్ జాతి పదార్థమే కరెంటును మోయడం మొదలుపెట్టింది.

ఎలా అంటే, పండగకి వెళ్లే జనరల్ బోగీని తలచుకోండి. కాలు కదపడానికి సందుండదు, ఎవరూ ముందుకు పోలేరు. మధ్యలో ఒకరిని దింపేస్తే ఖాళీ ఏర్పడుతుంది. పక్కవాడు అందులోకి జరుగుతాడు, అతని చోటులోకి ఇంకొకడు. ఆ ఖాళీ బోగీ చివరిదాకా పోతుంది. బ్రోమిన్, అయోడిన్ చేసేది అదే. ప్లాస్టిక్ గొలుసులోంచి కొన్ని ఎలక్ట్రాన్లను లాగేస్తాయి. మిగిలినవాటికి కదలడానికి చోటు దొరుకుతుంది. 1977లో ముగ్గురూ ఈ సంగతి ప్రకటించారు.

అయితే పాలీఎసిటిలీన్‌కి గాలి పడదు. ఆరుబయట పెడితే చెడిపోతుంది. అందుకని మెక్‌డయర్మిడ్ 1980ల్లో పాలీఎనిలీన్ వైపు తిరిగారు. అది కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దం నుంచే బట్టలకి నల్లరంగు అద్దడానికి వాడిన జాతిదే. చౌక, గాలికి నిలబడుతుంది. యాసిడ్ తగిలితే ఆకుపచ్చగా మారి కరెంటు మోస్తుంది, క్షారం తగిలితే నీలంగా మారి మోయడం మానేస్తుంది. ఇలాంటి గుణమున్న వస్తువు ఎక్కడెక్కడ పనికొస్తుందో ఊహించుకోవచ్చు.

డబ్బాలో ఉన్నదేంటి?

ఇక్కడే మన పెయింటు డబ్బా మాట వస్తుంది. కాంపోజిట్ అంటే మనకు తెలియనిది కాదు. రెండు వస్తువులు కలిపి, ఒక్కోదానికీ లేని బలం తెచ్చుకోవడం. మట్టిగోడలో ఎండుగడ్డి, సిమెంటులో కంకర, కాంక్రీట్‌లో రాడ్డు, అన్నీ ఆ కోవలోవే. నానో కాంపోజిట్‌లో లోపల కలిపే వస్తువు చాలా సన్నగా ఉంటుంది. ఒక మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక నానోమీటరు. కలిపే రేణువు మందమో, వెడల్పో వంద నానోమీటర్ల లోపు ఉండాలి. అంత సన్నగా చేస్తే పిడికెడు పొడికి కూడా బోలెడంత ఉపరితలం వస్తుంది. పట్టుకునే చోటు ఎక్కువైతే కొంచెం కలిపినా చాలు.

1980ల్లో జపాన్‌లో టయోటా పరిశోధకులు నైలాన్‌లో అయిదు శాతం కూడా లేని బంకమట్టి కలిపారు. ఆ మట్టి ఒక్కో నానోమీటరు మందమున్న రేకులుగా విడిపోయింది. అంతకుముందు బరువు పెడితే 65 డిగ్రీల దగ్గరే వంగే నైలాన్, 140 డిగ్రీలు దాటినా నిలబడింది. దాంతో కారు ఇంజనులో బెల్టు మీది మూత చేశారు. మన కుండలు చేసే మట్టి లాంటిదే అనుకోండి, కాకపోతే రేకులు విడదీయడం తెలియాలి.

పాలీఎనిలీన్ ఒక్కదాన్నే తీసుకుంటే పెళుసు, కావలసిన ఆకారానికి రాదు. వేరే ప్లాస్టిక్‌లోనో, రంగులోనో, మట్టి రేకులతోనో, కార్బన్ గొట్టాలతోనో కలిపితే పనిలోకి వస్తుంది. 2000లో మెక్‌డయర్మిడ్, మరికొందరు కలిసి పాలీఎనిలీన్‌ని ఇంకో ప్లాస్టిక్‌తో కలిపి, ఎక్కువ వోల్టేజీతో సన్నని ధారలా లాగి, తలవెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని దారాలు తీశారు. ఇలాంటి కలయికలు ఎలక్ట్రానిక్ సామాను చుట్టే ప్యాకింగులో నిప్పురవ్వ పుట్టకుండా చూస్తాయి. గాలిలో అమోనియా లాంటి వాయువును పసిగట్టే సెన్సర్లలో, కరెంటు దాచే కెపాసిటర్లలో కూడా వాడుతున్నారు.

మనకి సంబంధించింది ఉక్కు ప్రైమర్. మామూలు రంగు తేమను అడ్డుకుంటుంది, అంతే. గీత పడితే ఆ చోట తుప్పు మొదలు. పాలీఎనిలీన్ ఉన్న ప్రైమర్ ఇనుముతో రసాయనికంగా కలగజేసుకుని, దాని ఒంటి మీద పల్చని, గట్టి ఆక్సైడు పొర కట్టేలా చేస్తుంది. ఆ పొరే ఇనుముకి కాపలా. వెల్లింగ్టన్ గాలి సంగతి తెలిసినవాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు. సముద్రపు ఉప్పు మోసుకొచ్చి, నిన్న దింపిన రాడ్డు మీద కూడా ఎర్రపొడి లేపుతుంది. అలాగని అతిగా చెప్పకూడదు. మా సైట్లలో ఇప్పటికీ ఎక్కువ పని జింక్ పూతదే. రాగి వైరు స్థానంలో ప్లాస్టిక్ వైరు కూడా రాలేదు. ఇక డబ్బా మీద నానో అని రాసినంత మాత్రాన లోపల అది ఉన్నట్టు కాదు. డేటా షీటు తీసి చదవాల్సిందే. మేం ఆ రోజు తెచ్చిన డబ్బాలది చదివితే, లోపలున్నది పాలీఎనిలీన్ కాదు, మట్టి రేకులే. మరుసటి రోజు స్మోకోలో కూలీలకి జవాబు చెప్పగలిగాం.

ఇంటి దారిలో

2000 సంవత్సరం కెమిస్ట్రీ నోబెల్ హీగర్‌కి, షిరకావాకి, మెక్‌డయర్మిడ్‌కి కలిపి ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు 73. న్యూజిలాండ్‌లో పుట్టి నోబెల్ తెచ్చుకున్నవాళ్లలో ఆయన మూడోవారు. మొదటాయన మన బడి పుస్తకంలో బంగారు రేకు ప్రయోగంతో ఉండే రూథర్‌ఫర్డ్, రెండోవారు మారిస్ విల్కిన్స్. ముగ్గురూ దేశం విడిచి వెళ్లినవాళ్లే.

2002లో ఈ దేశంలోని యూనివర్సిటీల పరిశోధకులను కలిపి, కొత్త పదార్థాలు, నానో టెక్నాలజీ కోసం ఒక సంస్థ పెట్టి దానికి ఆయన పేరే పెట్టారు. దాని ఆఫీసు విక్టోరియాలోనే, అంటే ఆయన నేల ఊడ్చిన కాలేజీలోనే. ఈ రంగంలో అక్కడ పని బాగా సాగుతోంది. జిమ్ జాన్‌స్టన్ అనే ప్రొఫెసర్ బృందం గొర్రె ఉన్ని పోగుల్లో బంగారపు నానో రేణువులను కట్టి, రంగు అద్దకుండానే ఊదా, గులాబీ రంగుల ఉన్ని తీసింది. బంగారం పసుపు పచ్చగా కాక ఊదాగా కనిపించడమేంటని మేం మొదట నమ్మలేదు. రేణువు అంత చిన్నదైతే రంగే మారిపోతుందట. ఇలాంటి పనులు మన వైపు కూడా లేకపోలేదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో నానో పొడులు, పూతల మీద పరిశోధన జరుగుతోంది. అటువైపు ఊళ్లవాళ్లం బస్సులో గేటు ముందునుంచి వెళ్లినా లోపల ఏముందో ఎప్పుడూ అడగలేదు.

మెక్‌డయర్మిడ్ రిటైరై ఇంట్లో కూర్చోలేదు. 2002 నుంచి టెక్సస్‌లోని డల్లాస్‌లో కూడా ప్రొఫెసర్‌గా పనిచేశారు. రక్తానికి సంబంధించిన జబ్బు వచ్చినా ప్రయాణాలు ఆపలేదు. న్యూజిలాండ్‌కి తరచూ వచ్చిపోయేవారు. 2007 ఫిబ్రవరి 7న ఫిలడెల్ఫియా పక్కనున్న డ్రెక్సెల్ హిల్‌లోని ఇంట్లో, న్యూజిలాండ్ ప్రయాణానికి హడావిడిగా బయలుదేరుతూ మెట్ల మీద పడిపోయారు. అదే ఆఖరు. 79 ఏళ్లు. దేశం విడిచి అప్పటికి 57 ఏళ్లు.

పరాయి దేశంలో ఉన్న మనవాళ్లకి ఈ ముక్క దగ్గర గొంతు పట్టేస్తుంది. టికెట్టు చేతిలో ఉండగా ఆగిపోయిన ప్రయాణాలు మన క్యాంపుల్లో, మన రూముల్లో ఎన్ని చూడలేదు? ఆయన సమాధి అక్కడే, డ్రెక్సెల్ హిల్‌లో ఉంది. పేరు మాత్రం ఇంటికొచ్చింది.

పోయిన నెల ఒక ఆదివారం నలుగురం కేబుల్ కారెక్కి కెల్‌బర్న్ వెళ్లాం. ఇద్దరం జాయింట్లు ఎక్కడున్నాయో చూస్తూ గోడల చుట్టూ తిరిగాం. రాడ్ బెండింగ్ అన్నకి మాత్రం ఫినిషింగు నచ్చింది. కుర్రాడు పేరున్న బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకుని తండ్రికి పంపాడు. ఈ సెమిస్టర్‌కి అన్నీ కట్టలేక రెండు సబ్జెక్టులే కట్టాడు. మిగతావి ఎప్పుడో అతనికే తెలియదు. తిరిగొచ్చేటప్పుడు మమ్మల్ని ఒకటి అడిగాడు. ఆ కాలంలో సీసాలు కడిగిన ఏళ్లను వర్క్ ఎక్స్‌పీరియన్స్ కింద లెక్కేసేవారా, లేదా అని. కేబుల్ కారు కిందికి దిగేదాకా ఆలోచించినా మాలో ఎవరికీ తోచలేదు.